హైదరాబాద్ క్యాబ్‌లన్నీ ఎలక్ట్రిక్ చేయాలని గడువు పెట్టాలా?

ఉప్పల్ వాసి:
ఢిల్లీలో 2023లో తెచ్చిన పథకం ప్రకారం 25 లేదా అంతకు మించి బండ్లు నడిపించే యాప్ కంపెనీలు 2030 ఏప్రిల్ 1 నాటికి పూర్తిగా ఎలక్ట్రిక్‌కి మారాలి. మనకూ అలాంటి గడువు పెట్టాల్సిందే. సొంత కారు రోజులో ఎక్కువసేపు పార్కింగ్‌లోనే ఉంటుంది, క్యాబ్ పొద్దస్తమానం తిరుగుతుంది. పొగ తగ్గాలంటే ముందు మార్చాల్సింది దాన్నే. పైగా తెలంగాణలో 2024 నవంబరు నుంచి ఎలక్ట్రిక్ ట్యాక్సీలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేశారు. ఇంకా ఏంటి అడ్డం?

ఓనర్ కమ్ డ్రైవర్:
అన్నా, ఆ పొగ పీల్చేది ముందు మేమే. ఎలక్ట్రిక్ వద్దని నేను అనను. కానీ గడువు కంపెనీకి పెట్టినా బండి మాది, లోన్ మాది. కంపెనీ చేసేదల్లా ఆ తేదీ తర్వాత డీజిల్ బండికి బుకింగ్ ఆపేయడమే.

అడ్డం ఏంటని అడిగారు కాబట్టి చెప్తా. చాలా కార్లకు బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఇంటి కారుకు ఎనిమిదేళ్లూ వస్తుంది. రోజుకు 200 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు నడిపే నాకు మూడేళ్లు నిండకముందే అయిపోతుంది. లోన్ మాత్రం ఐదేళ్లు! ఆ మిగిలిన రెండేళ్లలో బ్యాటరీ పోతే ఈఎంఐ కట్టాలా, బ్యాటరీ కొనాలా? ఈ టెన్షన్‌తోనే మాలో చాలామంది వెనక్కి తగ్గుతున్నారు.

ఇక చార్జింగ్. మేం ఉండేది అద్దె ఇళ్లలో, కారు పెట్టేది వీధిలో. ఓనర్ మీటర్ నుంచి వైరు లాగనివ్వడు. బయట ఫాస్ట్ చార్జర్‌కి వెళ్తే ఇంటి కరెంటుకు రెట్టింపు పైనే, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఎలక్ట్రిక్‌తో మిగులుతుందని చెప్పే డబ్బులో సగం అక్కడే పోతుంది.

మెహిదీపట్నం:
చైనాలోని షెన్‌జెన్ నగరంలో 2018 చివరికల్లా దాదాపు 20 వేల ట్యాక్సీలు ఎలక్ట్రిక్ అయ్యాయి కదండీ. గడువు లేకపోతే అది జరిగేదా?

ఓనర్ కమ్ డ్రైవర్:
జరిగేది కాదు, ఒప్పుకుంటా. అయితే అక్కడ ట్యాక్సీలు కంపెనీలవి, ప్రభుత్వం గట్టిగా సబ్సిడీ ఇచ్చింది. అయినా మొదట్లో డ్రైవర్లు చార్జర్ల దగ్గర క్యూలో నిలబడ్డారు. మన ఢిల్లీనే చూడండి. సీఎన్‌జీకి మారమని సుప్రీంకోర్టు 1998లో చెప్పింది, చాలినన్ని బంకులు మాత్రం రాలేదు. 2001, 2002లో ఆటోవాళ్లు గ్యాస్ కోసం గంటల తరబడి లైన్లో ఉన్నారు. గాలి బాగుపడింది నిజమే, ఆ గంటల కూలీ ఎవరూ కట్టివ్వలేదు.

కాబట్టి గడువు పెట్టండి, ముందు చార్జర్లకు పెట్టండి. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో మేం బుకింగ్ కోసం ఎలాగూ ఎదురుచూస్తాం. ఆ పార్కింగ్‌లోనే ఇంటి రేటుకు కరెంటు ఇవ్వాలి. లోన్ తీరేదాకా బ్యాటరీ వారంటీ ఉండాలి. ఎలక్ట్రిక్ బండి మీద కంపెనీ కమీషన్ తగ్గించాలి. ఈ మూడూ జీవోలో ఉంటే యూనియన్‌లో అందరితో నేనే మాట్లాడతా.