ఇంటర్ మొదటి సంవత్సరం అయిన అమ్మాయిని ఇంగ్లండ్‌లో ఏ తరగతిలో చేర్చాలి?

రెడింగ్ రాబోతున్న సభ్యురాలు:
అందరికీ నమస్కారం. మావారికి స్కిల్డ్ వర్కర్ వీసా వచ్చింది, జులైలో కుటుంబమంతా రెడింగ్ వస్తున్నాము. మా అమ్మాయి తెలంగాణ బోర్డులో ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ పూర్తి చేసింది. కంప్యూటర్ సైన్స్ చదవాలని తన కోరిక. అక్కడ నేరుగా ఇయర్ 13లో, అంటే బడి చివరి ఏడాదిలో చేర్చవచ్చా, లేక ఇయర్ 12 నుంచి మళ్ళీ మొదలుపెట్టాలా? ఏడాది వృథా అవుతుందని బెంగగా ఉంది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

లెస్టర్ సభ్యుడు:
ఇయర్ 12లోనే చేర్చండమ్మా. ఏ-లెవెల్ అంటే ఇయర్ 12, 13 కలిపి, మన ఇంటర్ లాంటి రెండేళ్ళ చదువు. 2015 నుంచి మొదలైన సంస్కరణల తరువాత ఇంగ్లండ్‌లో మొదటి ఏడాది మార్కులు చివరి గ్రేడులో కలవవు. రెండేళ్ళ సిలబస్‌కూ కలిపి ఇయర్ 13 చివర, వేసవిలోనే పరీక్షలు జరుగుతాయి. మన ఇంటర్ మొదటి సంవత్సరం మార్కులను ఇక్కడ జమకట్టే పద్ధతి లేదు. ఇయర్ 13లో చేరితే సెప్టెంబరులో బడిలో అడుగుపెట్టిన పిల్ల జనవరికల్లా యూకాస్ అనే సంస్థ ద్వారా విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు పంపాలి, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, వైద్య విద్య అయితే అక్టోబరు 15 లోపే. ఆ దరఖాస్తులో ఉపాధ్యాయులు అంచనా వేసి రాసే ప్రిడిక్టెడ్ గ్రేడులను బట్టే విశ్వవిద్యాలయాలు ఆఫర్లు ఇస్తాయి. ఆ గ్రేడులకు చాలాచోట్ల ఇయర్ 12 చివర బడిలో పెట్టే పరీక్షలే ఆధారం. నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకు అత్యున్నత గ్రేడైన ఏ-స్టార్ వస్తుందని ఏ టీచరు పూచీ పడతారు?

గణితం విషయంలో మీకు చింత అక్కరలేదు. 1ఏ, 1బీ చదివిన పిల్లకు ఇక్కడి ప్యూర్ మేథ్స్‌లో చాలా భాగం కొట్టినపిండి. స్టాటిస్టిక్స్, మెకానిక్స్ మీదే కాస్త కూర్చోవాలి. కంప్యూటర్ సైన్స్‌లో మాత్రం 20 శాతం మార్కులు విద్యార్థి స్వయంగా చేసే ప్రాజెక్టుకు ఉంటాయి, మధ్యలో చేరినవారు దాన్ని అందుకోవడం కష్టం.

మిల్టన్ కీన్స్ సభ్యురాలు:
తరగతి సంగతి సరే, కాగితాల సంగతి ఎవరూ చెప్పడం లేదు. మా అబ్బాయిని ఒక సిక్స్త్ ఫామ్ కాలేజీలో (ఏ-లెవెళ్ళు చెప్పే కళాశాల) చేర్చడానికి వెళ్ళినప్పుడు అక్కడి ప్రవేశాల కార్యాలయంలో మాకు చుక్కలు చూపించారు. దరఖాస్తులో జీసీఎస్ఈ, అంటే మన పదో తరగతి లాంటి పరీక్షల గ్రేడులు రాసే గడులు ఉంటాయి, వాటిలో అత్యున్నత గ్రేడు 9. మావాడి పదో తరగతి మెమోలో సబ్జెక్టుకు 10 పాయింట్ల చొప్పున ఉంది. కౌంటరులోని ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తమ దగ్గర తొమ్మిదికి పైన ఏమీ లేదని, కంప్యూటరు ఆ అంకెను తీసుకోవడం లేదని తిప్పి పంపారు. ఏ1 గ్రేడంటే నూటికి 91 నుంచి 100 మార్కులని బోర్డు పట్టిక తీసుకువెళ్ళి చూపిస్తే, అది మీరే అచ్చు వేసుకున్నది కాదని ఎలా నమ్మాలని అడిగారు. ఆ తరువాత పేరు గొడవ మొదలైంది. మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో చివర ఉండేసరికి, ఇవి ఇద్దరు పిల్లల పత్రాలని అనుమానించారు. చివరికి విదేశీ చదువులను ఇక్కడి చదువులతో పోల్చి చెప్పే యూకే ఎనిక్ సంస్థ నుంచి సమానతా పత్రం తెప్పించి ఇస్తేగాని దరఖాస్తు కదలలేదు. ఆ పత్రం లేకపోతే మావాడు ఏ-లెవెళ్ళతో పాటు జీసీఎస్ఈ ఇంగ్లీషు, గణితం కూడా చదవవలసి వచ్చేది, ఎందుకంటే ఆ రెండింటిలో గ్రేడు 4 గానీ దానికి సమానమైనది గానీ లేని పిల్లలకు వాటిని చెప్పించాలనే షరతు మీదే కళాశాలలకు ప్రభుత్వ నిధులు వస్తాయి. కాబట్టి పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్ అన్నీ ఒరిజినల్స్ చేతిసంచిలో పెట్టుకుని విమానం ఎక్కండి.

స్లౌ సభ్యుడు:
మీరు అడగవలసిన అసలు ప్రశ్న ఫీజు గురించి. ఇక్కడ మూడేళ్ళు నివాసం ఉంటే చాలు, విశ్వవిద్యాలయంలో హోమ్ ఫీజు, అంటే స్థానిక విద్యార్థుల ఫీజు వర్తిస్తుంది. ఏ-లెవెళ్ళు రెండేళ్ళు, ఆపైన ఒక గ్యాప్ ఇయర్, మూడేళ్ళూ పూర్తి. నాలుగు ఏ-లెవెళ్ళు తీసుకోమనండి, మూడింటితో మంచి విశ్వవిద్యాలయాలు తిరిగి చూడవు.

లెస్టర్ సభ్యుడు:
స్లౌ గారూ, రెండు మాటలూ సరి కాదు. మూడేళ్ళ నివాసం సగం షరతు మాత్రమే. కోర్సు మొదలయ్యే విద్యా సంవత్సరం తొలి రోజుకు, అంటే శరదృతువులో మొదలయ్యే కోర్సులకు సెప్టెంబరు 1 నాటికి, సాధారణంగా ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) కూడా చేతిలో ఉండాలి. వర్క్ వీసా డిపెండెంటుగా ఉన్న పిల్ల ఒక ఏడాది ఇంట్లో కూర్చున్నంత మాత్రాన ఫీజు తగ్గదు. 2025-26లో ఇంగ్లండ్‌లో హోమ్ ఫీజు గరిష్ఠ పరిమితి 9,535 పౌండ్లు. విదేశీ విద్యార్థుల ఫీజుకు పరిమితే లేదు, ఎవరి ధర వారిదే. ఇక ఆఫర్లు ఇచ్చేది సాధారణంగా మూడు ఏ-లెవెళ్ళ మీదే. నాలుగోదిగా ఫర్దర్ మేథ్స్ తీసుకుంటే మంచిదే, కేంబ్రిడ్జ్‌లో గణితం చదవాలంటే అది తప్పనిసరి కూడా. అంతేగాని, నాలుగింటిలో బీ గ్రేడులు తెచ్చుకోవడం కంటే మూడింటిలో ఏ గ్రేడులు తెచ్చుకోవడం మేలు.

స్లౌ సభ్యుడు:
మా బంధువుల అమ్మాయికి హోమ్ ఫీజే వేశారు, నేను కళ్ళారా చూశాను.

లెస్టర్ సభ్యుడు:
వారికి అప్పటికే ఐఎల్ఆర్ వచ్చిందేమో కనుక్కోండి.

బర్మింగ్‌హామ్ సభ్యురాలు:
నేను ఒక పాఠశాలలో ఇన్విజిలేటరుగా పనిచేస్తున్నాను కాబట్టి పరీక్షల సంగతి చెబుతాను. ఇక్కడ జంబ్లింగ్ ఉండదు, తమ బడిలోనే రాస్తారు. అలాగని తేలికగా తీసుకోకూడదు. ఫోను స్విచాఫ్ చేసి జేబులో పెట్టుకున్నా అది మాల్‌ప్రాక్టీసే, మార్కుల కోత మొదలుకొని డిస్‌క్వాలిఫై చేయడం దాకా వెళ్ళవచ్చు. చేతి గడియారం కూడా ఉండకూడదు. నల్ల ఇంకు పెన్ను, పారదర్శకమైన పౌచు, లేబులు తీసేసిన నీళ్ళ సీసా, మూత లేని కాలిక్యులేటరు, ఇంతే బల్ల మీద ఉండవలసింది. ఇంటర్‌లో ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌కు 30 మార్కులు కలుస్తాయి కదా, ఏ-లెవెల్‌లో ప్రాక్టికల్స్ గ్రేడుకు కలవవు. రెండేళ్ళలో కనీసం 12 ప్రయోగాలు చేస్తే సర్టిఫికెట్ మీద విడిగా పాస్ అని వేస్తారు. మన పిల్లలు సులువుగా మరిచిపోయేది మరొకటి ఉంది: ఇక్కడ సప్లిమెంటరీ లేదు. జీసీఎస్ఈ ఇంగ్లీషు, గణితాలకు నవంబరులో మళ్ళీ రాసే వీలుంది గాని, ఏ-లెవెల్ తప్పితే మరుసటి వేసవి దాకా ఆగాలి.

రెడింగ్ రాబోతున్న సభ్యురాలు:
అందరికీ ధన్యవాదాలు. ఇయర్ 12లోనే చేరుస్తాము. మా అమ్మాయి మెమోలో కూడా ఇంటిపేరు ముందే ఉంది, పాస్‌పోర్టులో విడిగా ఉంది. చేరేటప్పుడు ఏది రాయమంటారు?

బర్మింగ్‌హామ్ సభ్యురాలు:
పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు రాయండి. బడి రికార్డులో పడిన పేరే పరీక్ష బోర్డుకు వెళ్ళి సర్టిఫికెట్ మీద అచ్చవుతుంది, తరువాత మార్పించడం పెద్ద తలనొప్పి. ఇయర్ 13లో పరీక్షల ఎంట్రీ కాగితం ఇచ్చినప్పుడు పేరు, పుట్టిన తేదీ, రాయబోయే పేపర్లు మీరు కూడా ఒకసారి సరిచూసుకుని, తేడా ఉంటే అదే వారంలో పరీక్షల అధికారికి చెప్పండి.