గిటారుకు పట్టిన జీర

1960ల నాటి అమెరికా గ్యారేజి రాక్ (ఇళ్ల గ్యారేజీల్లో సాధన చేసిన కుర్ర బృందాల మోటు రాక్) పాటల్లో గిటారు చిరిగినట్టు మోగుతుంది కదా, వాళ్లు ‘ఫజ్’ అనే ఆ ధ్వనిని తెలుగులో ఏమనాలని మొన్న మన గుంపులో ఒక మిత్రుడు అడిగారు. రొద, గరగర, అపస్వరం, మోటు నాదం అని జవాబులు వచ్చాయి. నా మాట ‘జీర’.

అపస్వరం అనడం మాత్రం అన్యాయం. అక్కడ స్వరం తప్పడం లేదు, స్వరానికి గరుకుదనం వచ్చింది, అంతే. రొద అంటే అసలు స్వరమే లేకుండా పోతుంది. గరగర దగ్గరగానే ఉంది కానీ అది ఎండుటాకులకూ, సరిగ్గా అందని రేడియోకూ చెందిన మాట. అందులో మనిషి లేడు.

జీరలో ఉన్నాడు. ఈ మాటను మనం రెండు చోట్ల వాడతాం. నిద్ర లేనివాడి కంట్లో ఎర్రజీర, ఉద్వేగం ఆపుకుంటున్నవాడి గొంతులో జీర. మొదటిది గీత, చార. కంటి తెలుపు తెలుపుగానే ఉంటుంది, దాని మీద సన్నని ఎరుపు పాకుతుంది. గొంతులోనూ అంతే: మాట మాటగానే ఉంటుంది, దాని మీద ఒక గీత పడుతుంది. ఫజ్ గిటారు చేసే పని సరిగ్గా ఇదే. యాంప్లిఫయర్‌ను దాని శక్తికి మించి తోస్తే ధ్వని తరంగాల శిఖరాలు తెగిపోయి చదునవుతాయి, అసలు స్వరంలో లేని ఉపస్వరాలు, అంటే దాని వెంట సన్నగా మోగే పై స్వరాలు, కొత్తగా పుట్టుకొస్తాయి. పాట గుర్తుపట్టగలం, కానీ దాని మీద చార పడింది.

ఈ జీర పుట్టుక కూడా చెప్పుకోదగ్గదే. 1961లో వచ్చిన అమెరికా గాయకుడు మార్టీ రాబిన్స్ పాటను నాష్‌విల్‌లో రికార్డు చేస్తుంటే మిక్సింగ్ బల్లలో ఒక చానల్ చెడిపోయి, బాస్ గిటారు చిరిగిపోయినట్టు మోగింది. దాన్ని అలాగే ఉంచేశారు. ఆ రికార్డింగు చేసిన ఇంజనీరు గ్లెన్ స్నాడీ తర్వాత అదే ధ్వనినిచ్చే సర్క్యూట్ తయారు చేశాడు. 1962లో మాయెస్ట్రో ఫజ్‌టోన్ అనే పెట్టె అంగళ్లకు వచ్చింది. పెట్టె లేకుండానే జీర తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. గిటారు వాయించే లింక్ రే 1958లోనే స్పీకరు కాగితానికి పెన్సిలుతో చిల్లులు పొడిచాడు. 1964లో లండన్‌లో కింక్స్ బృందం కుర్రాడు డేవ్ డేవీస్ తన చిన్న యాంప్లిఫయర్ స్పీకరును బ్లేడుతో కోశాడు. కోసిన కాగితపు అంచులు స్వరంతో పాటు రెపరెపలాడతాయి, అదే మనకు వినిపించేది. బాగా గట్టిగా అరిచేవాణ్ణి ‘గొంతు చించుకుంటున్నాడు’ అంటాం. ఆ కుర్రాళ్లు గిటారు గొంతును నిజంగానే చించారు.

కింగ్స్‌మెన్ అనే బృందం సంగతి చెప్పకుండా ఉండలేను. పోర్ట్‌లాండ్ నగరం, 1963 ఏప్రిల్. రిచర్డ్ బెర్రీ రాసిన ‘లూయీ లూయీ’ని రికార్డు చేస్తున్నారు. మైకు ఎత్తున వేలాడుతోంది, గాయకుడు జాక్ ఈలీ తల వెనక్కి వాల్చి పైకి చూస్తూ అరవాల్సి వచ్చింది. గిటారు వంతు ముగిశాక అతడు పాటను కాస్త ముందే అందుకున్నాడు, తప్పు తెలిసి ఆగాడు, డ్రమ్ములవాడు ఆ ఖాళీని గబగబా దరువుతో నింపాడు. మళ్లీ రికార్డు చేయలేదు. ఆ తప్పు ఈనాటికీ రికార్డులో అలాగే ఉంది. మాటల్లో బూతులున్నాయన్న ఫిర్యాదులు వస్తే అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ రెండేళ్లకు పైగా విచారించి, ఏమంటున్నాడో అర్థం కావడం లేదని తేల్చింది. మాట అందకపోయినా అతని ఊపిరి అందుతుంది. అరవయ్యేళ్లు దాటినా ఈ పాటలు పాతబడకపోవడానికి నాకు తోచే కారణం ఇదే: ఆ గదిలో ఆ పూట నిలబడిన మనిషిని ఎవరూ తుడిచేయలేదు.

మనకు ఈ రుచి కొత్తది కాదు. మా అక్క తంబురా శ్రుతి చేస్తుంటే పక్కన కూర్చుని చూసేవాణ్ణి. తీగలు ఆనే గుర్రం మీద, తీగ కింద ఒక నూలుపోగు ఉంటుంది. దాన్ని జీవా అంటారు. పోగు లేనప్పుడు తీగ ‘టింగ్’ మని ఊరుకుంటుంది. వేలితో పోగును వెంట్రుకవాసి జరుపుతూ పోతే ఒక చోట తీగ ఒక్కసారిగా ఝుమ్మని విచ్చుకుని ఇల్లంతా నిండేది. నూలుపోగుకూ బ్లేడుకూ పని ఒకటే, నునుపును కాస్త చెడగొట్టడం. జీవాకూ జీరకూ చుట్టరికం ఉందని అనడం లేదు, పని గురించే చెబుతున్నాను.

చేర్పు: కింద వచ్చిన రెండు ప్రశ్నలకు.

జీర దుఃఖపు మాట కదా, కుర్రకారు హోరుకు ఎలా నప్పుతుందని ఒకరన్నారు. నవలల్లో కన్నీళ్ల పక్కన ఎక్కువగా కనిపిస్తుంది, నిజమే. కానీ జాతరలో రాత్రంతా కేకలేసినవాడి గొంతుకూ తెల్లారేసరికి జీర పడుతుంది. పైగా ఈ పాటల్లో దుఃఖం లేదని ఎవరన్నారు? మిషిగన్‌లో వలస వచ్చిన మెక్సికన్ కుటుంబాల పిల్లలు ‘క్వశ్చన్ మార్క్ అండ్ ద మిస్టీరియన్స్’ పేరుతో కట్టిన బృందం పాట ఒకటి 1966లో అమెరికా పాటల జాబితాలో మొదటి స్థానానికి చేరింది. ఆ పాట పేరులోనే 96 కన్నీటి చుక్కలున్నాయి. ‘బొంగురు’ సూచించినవారికి బాస్ గిటారు వరకు నా ఓటు. గొంతు మారే వయసు పిల్లల సంగీతానికి ఆ మాటా దగ్గరిదే.

గ్యారేజి రాక్‌లోని గ్యారేజిని ‘కొట్టం’ అనవచ్చా అని మరొకరు అడిగారు. వద్దు. కొట్టం అంటే గడ్డీ గేదెలూ గుర్తొస్తాయి. మనకు గ్యారేజి అంటే నూనె మరకల మరమ్మతు షెడ్డు, వాళ్లకు ఇంటిని ఆనుకున్న కారు గది. తేడా ఉన్నా మాట అలాగే ఉండనివ్వడం మేలు. నిజానికి ఆ బృందాలు మోగిన రోజుల్లో ఈ పేరే లేదు. 1972లో సంగీత రచయిత లెనీ కే ఆ పాటల్లో 27 ఏరి ‘నగ్గెట్స్’ అనే జంట రికార్డుగా తెచ్చినప్పుడు కూడా వాటిని పంక్ రాక్ అనే రాశాడు. గ్యారేజి అన్న పేరు ఆ తర్వాతే స్థిరపడింది.

వాడుకలో ఇలా ఉండవచ్చు: ‘రెండో చరణంలో గిటారు జీరబోయింది’, ‘జీర కాస్త తగ్గించు’, ఫజ్ పెట్టెకు ‘జీరపెట్టె’. మీ ఊళ్లో తంబురా, సన్నాయి, డోలు వాయించేవాళ్లు ఈ గరుకుకు వేరే మాట వాడుతుంటే, ఏ ఊరో కూడా చెప్పి రాయండి.