కువైట్ నుంచి వచ్చిన చందాకు బ్యాంకు ఏ పత్రం ఒప్పుకుంటుంది?

పర్లాకిమిడి దగ్గరి మా కథోలిక విచారణ (పారిష్, అంటే ఒక చర్చి కిందికి వచ్చే విశ్వాసుల సంఘం) తరఫున సొంత బడి కట్టడానికి చందాలు పోగుచేస్తున్నాం; పునాది గోతులు తవ్వించి, ఇనుప ఊచలు గుడి గోడకు ఆనించి ఉంచాం. కువైట్‌లో పనిచేసే మా విచారణ సభ్యుడొకరు ఏప్రిల్ 17న తన జీతం ఖాతా నుంచి పంపిన 2,00,000 రూపాయలను, మా సొసైటీకి 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ లేదన్న కారణంతో బ్యాంకు నిలిపివేసింది. ఆయనది భారత పాస్‌పోర్టే గనుక, సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపిన సొమ్ము విదేశీ విరాళం కిందికి రాదని వివరిస్తూ, పాస్‌పోర్టు నకలు, సొసైటీ తీర్మానం జతచేసి రెండుసార్లు అర్జీ ఇచ్చాం. ముద్ర వేసి తీసుకున్నారే తప్ప, మూడు వారాలుగా జవాబు లేదు. కొత్తగా రిజిస్ట్రేషన్ చేయించుకోమని కొందరు అంటున్నారు గానీ, వానలు దిగేలోగా పునాది పూర్తికావాలి. ఇలాంటి సొమ్మును విడిపించుకున్నవారు దాత చేత ఏ పత్రం రాయించి బ్యాంకుకు ఇచ్చారు?