భర్తకి గ్రీన్‌కార్డ్ ఫైల్ చేశాను, కానీ నేనే హైదరాబాద్‌లో ఉన్నాను. డొమిసైల్ (అమెరికాలో స్థిర నివాసం) ఎలా చూపించాలి?

ఓరుగల్లు అమ్మాయి:

అందరికీ నమస్తే. నేను పన్నెండేళ్ళప్పుడు అమ్మానాన్నలతో అమెరికా వెళ్ళాను, చదువంతా అక్కడే, సిటిజన్‌షిప్ కూడా అక్కడే వచ్చింది. తర్వాత అమ్మావాళ్ళు హైదరాబాద్ వచ్చేశారు, 2018లో నాన్నకి పక్షవాతం వస్తే చూసుకోవడానికి నేనూ వచ్చేశాను. ఆ తర్వాత ఇక్కడే ఉద్యోగం, పెళ్ళి, ఇప్పుడు రెండేళ్ళ పాప. పాపకి అమెరికా పాస్‌పోర్ట్ ఉంది. మా ఆయన కోసం నేను వేసిన ఐ-130 పిటిషన్ అప్రూవ్ అయ్యి కేసు ఎన్‌వీసీకి (ఇంటర్వ్యూకి ముందు కాగితాలు చూసే నేషనల్ వీసా సెంటర్‌కి) వచ్చింది, 120 డాలర్లు ఒకటి, 325 డాలర్లు ఒకటి, రెండు ఫీజులూ కట్టేశాం.

ఇప్పుడు ఐ-864 దగ్గర, అంటే ఆయన్ని పోషించగలనని నేను హామీ ఇచ్చే ఫారం దగ్గర, ఆగిపోయాను. నా జీతం ఏడాదికి 24 లక్షలు, కానీ అది ఇక్కడి కంపెనీ, వెళ్ళాలంటే మానేయాలి. అమెరికాలో నా పేరు మీద ఇల్లు లేదు, కారు లేదు, కాలేజీ రోజుల్లో తీసిన బ్యాంక్ అకౌంట్ ఒక్కటే ఇంకా నడుస్తోంది. డల్లాస్‌లో మా పిన్ని కొడుకు ఉన్నాడు, జాయింట్ స్పాన్సర్‌గా, అంటే నాతో పాటు తనూ హామీగా, సంతకం పెడతానన్నాడు. అన్నయ్య పెడితే ఇక మనకి పని లేదని మా ఆయన అంటున్నారు. నాకేమో డొమిసైల్ అన్న మాట చదివినప్పటి నుంచీ టెన్షన్‌గా ఉంది. మా ఆయన పేరు మీద కూకట్‌పల్లిలో ఫ్లాట్ ఉంది, లోన్ ఇంకా నడుస్తోంది. ఊళ్ళో పొలం ఉంది. అవి చూపించవచ్చా?

మళ్ళీ న్యూజెర్సీ:

మీ ఆయన అనుకున్నదే నేనూ అనుకున్నాను, అందుకే ఇంత పెద్దగా రాస్తున్నాను. జాయింట్ స్పాన్సర్ డబ్బు లోటు తీరుస్తాడు తప్ప మీ డొమిసైల్ లోటు తీర్చలేడు. పిటిషనర్ మీరు కాబట్టి ఐ-864 మీరు వేయాల్సిందే, ఆదాయం సున్నా అయినా సరే. అమెరికాలో స్థిర నివాసం ఉందనో, లేదా మీ ఆయన అక్కడ దిగే రోజుకల్లా ఏర్పరచుకుంటారనో మీరే చూపించాలి. అది తేలకపోతే అన్నయ్య సంతకం ఎంత గట్టిదైనా లెక్కలోకి రాదు.

నేను బెంగళూరులో ఆరేళ్ళు ఉన్నాను, సిటిజన్‌ని నేను, వీసా మా ఆవిడకి. మా బావగారి ట్యాక్స్ పేపర్లన్నీ దొంతర పెట్టి, నా గురించి మాత్రం "మేము న్యూజెర్సీలో ఉండాలనుకుంటున్నాం" అని ఒక్క ముక్క రాసి వెళ్ళాం. ఇంటర్వ్యూలో మా ఆవిడని మీ ఆయన అక్కడ ఎక్కడ ఉంటారు, ఏం పని చేస్తారు అని అడిగితే తను చెప్పింది కానీ చేతిలో కాగితం లేదు. ఇంకా కాగితాలు కావాలని వీసా ఆపేసే 221(జీ) చీటీ ఇచ్చి పంపేశారు. తప్పు మాదే. అప్పుడు నేను ముందు వెళ్ళిపోయాను. ఇల్లు లీజుకి తీసుకున్నాను, డ్రైవింగ్ లైసెన్స్ మళ్ళీ తీసుకున్నాను, ఇక్కడి డబ్బు కొంత అక్కడి అకౌంట్‌కి పంపాను, ఉద్యోగాలకి అప్లై చేసిన మెయిళ్ళు, వచ్చిన ఒక ఆఫర్ లెటర్, అన్నీ పంపిస్తే వీసా వచ్చింది. ఆ నెలలన్నీ మూడేళ్ళ బాబుతో మా ఆవిడ ఒక్కతే బెంగళూరులో ఉండాల్సి వచ్చింది. ఆ పరిస్థితి మీకు రాకూడదు.

అందరూ ముందే వెళ్ళాలని రూల్ లేదు, ఇద్దరూ కలిసి కూడా దిగవచ్చు. కానీ మాట కాదు, పని కనిపించాలి. బ్యాంక్ అకౌంట్ ఉందన్నారు కదా, దాన్ని వాడండి, అందులోకి డబ్బు పంపండి. పాపకి డల్లాస్‌లో ప్రీస్కూల్‌కి అడిగిన మెయిల్ ఉన్నా పనికొస్తుంది. విదేశంలో ఉన్న సిటిజన్లు ఓటుకి రిజిస్టర్ చేసుకోవచ్చు, అదీ చేయండి. మొదట అన్నయ్య ఇంట్లో ఉంటారంటే ఆయన చేత ఒక లెటర్, ఆ ఇంటి కాగితాల కాపీ తీసుకోండి. ఇక్కడ ఉద్యోగానికి ఎప్పుడు రాజీనామా ఇస్తారో, సామాను ఎలా పంపిస్తారో, ఇవన్నీ ఒక పేజీలో తేదీలతో రాసి సంతకం పెట్టండి.

ఒక సంగతి అడగాలి. ఇక్కడ ఉన్న ఈ ఏళ్ళలో అమెరికా ట్యాక్స్ ఫైల్ చేశారా?

పాత ఆడిటర్:

ఆస్తుల గురించి నేను చెప్తానమ్మా. ముందు లెక్క చూడు. నువ్వు, మీ ఆయన, పాప, ముగ్గురు. ఐ-864 కోసం అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆదాయ పట్టిక, 2025ది, దాని ప్రకారం ముగ్గురికి కావాల్సిన ఆదాయం 33,312 డాలర్లు. ఇక్కడి జీతం అక్కడికి వెళ్ళాక కూడా అదే చోటి నుంచి వస్తేనే లెక్క, కాబట్టి నీ 24 లక్షలు పక్కన పెట్టు. మీ కంపెనీయే అక్కడి ఆఫీసుకి పంపితే వేరే మాట, ఒకసారి అడిగి చూడు. ఆదాయం లేనప్పుడు, సిటిజన్ భార్యో భర్తో అయితే లోటుకి మూడు రెట్లు ఆస్తి చూపించాలి. అంటే 99,936 డాలర్లు. డాలర్‌కి 85 వేసుకున్నా దాదాపు 85 లక్షలు.

మీ ఆయన పేరు మీదున్నా ఫ్లాట్ చూపించవచ్చు. కానీ ధరలో లోన్ బాకీ తీసేయగా మిగిలిందే విలువ. అప్రూవ్డ్ వాల్యుయర్ రిపోర్ట్, ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్), సేల్ డీడ్, బ్యాంక్ ఇచ్చే బాకీ స్టేట్‌మెంట్, వీటన్నిటి మీదా ఒక సీఏ సర్టిఫికెట్. ఏడాదిలోపు అమ్మి డబ్బు చేసుకోగలగాలి, ఆ డబ్బు దేశం దాటి వెళ్ళగలగాలి. రిజర్వ్ బ్యాంక్ రూల్ ప్రకారం ఇక్కడి నివాసి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా పంపుకోవచ్చు, ఆ ముక్క కూడా రాసి పెట్టు.

పొలం మాత్రం అన్నదమ్ముల పొత్తులో ఉంటే వదిలెయ్. పంపకాలు కాని పొలాన్ని ఏడాదిలో అమ్మగలం అని ఎవరిని నమ్మిస్తాం? బంగారం జోలికీ పోకు. ఇంకొకటి, ఎవరి దగ్గరో పది లక్షలు తెచ్చి అకౌంట్‌లో వేసి స్టేట్‌మెంట్ తీయొద్దు. ఏడాది చరిత్ర చూస్తారు, నిన్న వచ్చిన డబ్బు నిన్న వచ్చినట్టే కనిపిస్తుంది.

ఓరుగల్లు అమ్మాయి:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండి. పొలం పొత్తులోనే ఉంది, వదిలేస్తాను. ట్యాక్స్ గురించి అడిగారు కదా, నిజం చెప్తున్నాను, 2018 తర్వాత ఒక్క ఏడాది కూడా ఫైల్ చేయలేదు. ఇక్కడ కడుతున్నాను కదా, అక్కడ సంపాదన లేదు కదా అనుకున్నాను. ఇప్పుడు భయంగా ఉంది.

మళ్ళీ న్యూజెర్సీ:

భయపడకండి, కానీ ఈ వారమే మొదలుపెట్టండి. సిటిజన్ ఎక్కడున్నా ఫైల్ చేయాలి, పెళ్ళయ్యి విడిగా ఫైల్ చేసేవాళ్ళకైతే ఆదాయం 5 డాలర్లు దాటితే చాలు. మీలాగా తెలియక ఆగిపోయిన వాళ్ళ కోసం స్ట్రీమ్‌లైన్డ్ అనే పద్ధతి ఉంది. మూడేళ్ళ రిటర్న్‌లు, ఆరేళ్ళ ఎఫ్‌బార్‌లు వేయాలి. ఎఫ్‌బార్ అంటే ఇక్కడి అకౌంట్లన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే చెప్పాల్సింది. కట్టాల్సింది బహుశా ఏమీ ఉండదు, ఫారం 2555తో 2024కి 1,26,500 డాలర్ల దాకా విదేశీ జీతం మినహాయింపు ఉంది. ఇది తెలిసిన సీపీఏతోనే (అమెరికాలో మన సీఏ లాంటివాళ్ళు) చేయించండి. ఆ రిటర్న్ కాపీ లేకుండా ఐ-864 పంపకండి.

డల్లాస్ అక్క:

మీ అన్నయ్య వైపు నుంచి ఒక మాట. ఆయన, మీ వదిన, ఇద్దరు పిల్లలు అనుకుంటే మీ ఆయనతో కలిపి ఐదుగురు, 2025 పట్టికలో 47,062 డాలర్లు. అక్కడి ఉద్యోగానికి అది పెద్ద విషయం కాకపోవచ్చు. కానీ ఆయన పెట్టే సంతకం మీ ఆయన సిటిజన్ అయ్యేదాకానో, 40 క్వార్టర్ల పని (దాదాపు పదేళ్ళు) పూర్తయ్యేదాకానో ఉంటుంది. విడాకులైనా పోదు. మా తమ్ముడికి మేము పెట్టినప్పుడు ఇది మాకెవరూ చెప్పలేదు, తర్వాత తెలిసి ఇంట్లో పెద్ద మాటలే అయ్యాయి. మీరే ముందు చెప్పండి, వదిన కూడా వినేటట్టు.

ఓరుగల్లు అమ్మాయి:

చెప్తాను అక్కా. ఈ ఆదివారం ఇద్దరినీ వీడియో కాల్‌లో కూర్చోబెడతాను. సీపీఏని వెతకడం ఇవాళే మొదలుపెట్టాను. నాన్నకి ఇంకా ఏమీ చెప్పలేదు, ఆయనతో ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.