పెళ్లి రిటర్న్ గిఫ్ట్ సబ్బులకు చెమ్మ పడుతోంది, ఏ ఫిల్మ్ చుట్టాలి?

ఒక క్లయింట్ ఇంట్లో పెళ్లికి గ్లిజరిన్ సబ్బులు చేస్తున్నాను. కరిగించి పోసే బేస్, గుండ్రటి అచ్చు, ఒక్కోటి 50 గ్రాములు. 55–60 డిగ్రీల సెల్సియస్ దగ్గర పోసి, ఫ్రిజ్‌లో పెట్టకుండా బయటే గట్టిపడనిస్తున్నాను. అచ్చులోంచి తీసినప్పుడు చక్కగా మెరుస్తాయి. మర్నాటికి పైనంతా సన్నటి నీటి చుక్కలు! గ్లిజరిన్ గాలిలోని తేమను లాగుతుందని తెలుసు. గదిలో తేమ 75 శాతం దాకా ఉంటోంది.

అసలు చిక్కు సబ్బు చుట్టూ వేసే కాగితం పట్టీతోనే. దాని మీద వధూవరుల పేర్లు ఇంక్‌జెట్‌లో ప్రింట్ చేశాను, చెమ్మకి అక్షరాలు అలుక్కుపోతున్నాయి. క్లింగ్ ఫిల్మ్ చుట్టి పైన పట్టీ వేస్తే పేర్లు నిలిచాయి గానీ అంచుల్లో ముడతలు. వాళ్లు ఎంతో ఇష్టంగా ఎంచుకున్న సబ్బును అలా ఇవ్వడానికి మనసొప్పడం లేదు. తక్కువ చెమర్చే బేస్ కొంచెం నయం, అంతే. డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ వేస్తే మూత తీశాక మళ్లీ మామూలే. ష్రింక్ ఫిల్మ్ (వేడికి ముడుచుకుని బిగిసే ప్లాస్టిక్ పొర) వేసి హీట్ గన్‌తో వేడి గాలి పడితే ఫిల్మ్ బిగిసేలోపే సబ్బు అంచు కరిగింది.

గుండ్రటి గ్లిజరిన్ సబ్బుకు, అంచు కరక్కుండా ముడతల్లేకుండా బిగిసే ష్రింక్ ఫిల్మ్ ఏ రకం, ఎంత మందం తీసుకోవాలి?