‘తిరుమల’ విడి ప్రజాతిగా ఉండాలా, ‘డానాస్’లో కలిపేయాలా?

నీలిరెక్క:
బ్లూ టైగర్ సీతాకోకచిలుకకు ఇప్పటి శాస్త్రీయ నామం తిరుమల లిమ్నియేస్. ఇందులో మొదటి పదం ప్రజాతిది (జీనస్), అంటే దగ్గరి జాతుల గుంపుది. 1905లో బింగ్‌హామ్ రాసిన బ్రిటిష్ ఇండియా జీవజాల సంపుటిలో మాత్రం అది డానాయిస్ లిమ్నియేస్ (డానాయిస్ అంటే డానాస్‌కే పాత రూపం). అంటే ప్లెయిన్ టైగర్, స్ట్రైప్డ్ టైగర్ ఉన్న ప్రజాతిలోనే దీన్నీ పెట్టాడు. నా ఉద్దేశంలో బింగ్‌హామ్ చేసిందే సరి. అన్నిటి గొంగళిపురుగులకూ అడ్డచారలే. అన్నీ పాలుగారే మొక్కల మీదే పెరుగుతాయి. అన్నీ పక్షులకు చేదే. రంగు నారింజ బదులు నీలి తెలుపు అయినంత మాత్రాన ఇంటిపేరు మార్చేస్తామా? పేరు చూడగానే చుట్టరికం తెలియాలి కదా, లేకపోతే రెండు పదాల పేరెందుకు?

పాతపుస్తకం:
నీలిరెక్క గారూ, ఆ లెక్కన వెనక్కి వెళ్తూ పోతే ఎక్కడ ఆగుతాం? 1758లో లినేయస్ పగటి సీతాకోకలన్నిటినీ, దాదాపు 190 జాతుల్ని, పాపిలియో అనే ఒక్క ప్రజాతిలో పెట్టాడు. అందులో ఒక గుంపుకు డానై అని పేరు. దాన్ని మళ్లీ రెండు చేశాడు. తెల్లరెక్కలవి కాండిడి, రంగులవి ఫెస్టివి. తెల్లవాటికి గ్రీకు పురాణంలోని డనౌస్ రాజు కూతుళ్ల పేర్లు, రంగులవాటికి అతని సోదరుడు ఈజిప్టస్ కొడుకుల పేర్లు పెట్టానని తనే రాసుకున్నాడు. ప్లెక్సిప్పస్, క్రిసిప్పస్ అన్న జాతి పేర్లు అలా వచ్చినవే. ఆ తెల్లవి ఈరోజు వేరే కుటుంబానికే వెళ్లిపోయాయి. వాటిని కూడా వెనక్కి తెచ్చి కలపమని మీరు అనరు కదా.

1780లో పోలండ్ మతగురువు క్లూక్ డానాస్ ప్రజాతిని విడదీశాడు. సరిగ్గా నూరేళ్లకు, 1880లో, ఫ్రెడెరిక్ మూర్ సింహళ సీతాకోకల పుస్తకంలో తిరుమల అన్నాడు. లాటిన్, గ్రీకు పేర్ల మధ్య ఆ పేరు కనబడినప్పుడల్లా నాకు మనసు నిండుతుంది. కానీ నేను దాని పక్షాన మాట్లాడేది అందుకు కాదు.

ఆకుచాటు:
గొంగళిపురుగులే తేల్చేస్తాయి. ప్లెయిన్ టైగర్ పురుగు వీపు మీద మూడు జతల నల్లటి మెత్తని పోగులు ఉంటాయి. బ్లూ టైగర్‌కు రెండే జతలు. అంటే వేరే ప్రజాతే.

నీలిరెక్క:
మరి అమెరికా సీతాకోక మోనార్క్ సంగతేంటి ఆకుచాటు గారూ? దానికీ రెండు జతలే! అది డానాస్‌కు ప్రామాణిక జాతి, ప్రజాతి పేరే దాని మీద నిలబడింది. పోగులు లెక్కపెట్టి విడదీస్తే ముందు బయటికి పోవాల్సింది మోనార్కే.

పాతపుస్తకం:
ఒప్పుకుంటున్నా, పోగుల వాదన నిలవదు. మగ బ్లూ టైగర్ రెక్కలు మూసుకుని ఉన్న ఫోటో పెద్దది చేసి చూడండి. వెనక రెక్క అడుగువైపు చిన్న జేబు కుట్టినట్టు ఉబ్బెత్తుగా ఒక సంచి. డానాస్ మగవాటికీ ఆ చోట ఉంటుంది గానీ, నరానికి అంటుకున్న నల్లమచ్చలా చిన్నది. మగది పొట్ట చివర దాచుకున్న రోమాల కుంచెల్ని ఈ సంచిలో అద్ది, ఆడదాని ముందు విప్పి వాసన చల్లుతుంది. జత కుదిరేది దీని మీదే కాబట్టి, రంగు కన్నా ఈ తేడాకే నేను ఎక్కువ విలువ ఇస్తా. 1984లో శాస్త్రవేత్తలు ఏకరీ, వేన్-రైట్ ఈ గుంపు మొత్తాన్నీ వివరంగా పరిశీలించి తిరుమలను విడిగానే ఉంచారు.

మట్టితేమ:
డీఎన్ఏ పోల్చితే డానాస్, తిరుమల పక్కపక్క కొమ్మలుగా తేలాయి. దీన్ని ఇద్దరూ తమ సాక్ష్యంగా వాడుకోవచ్చు. రెండు కొమ్మల్నీ కలిపి ఒకే పేరు పెట్టినా తప్పులేదు, విడిగా రెండు పేర్లు పెట్టినా తప్పులేదు. ఎవరు ఎవరికి దగ్గరో డీఎన్ఏ చెబుతుంది. ఎక్కడ గీత గీసి ప్రజాతి అనాలో చెప్పదు, అది మనం తేల్చుకోవాల్సిందే. అలాంటప్పుడు నేను వాడుకలో స్థిరపడ్డ పేరు వైపే ఉంటా. పేరు కుదురుగా లేకపోతే ఏమవుతుందో డానాస్ ప్రజాతిలోనే చూశాం. లినేయస్ పెట్టిన ప్లెక్సిప్పస్ అమెరికా మోనార్క్‌దా, ఆసియా స్ట్రైప్డ్ టైగర్‌దా అన్నది ఏళ్ల తరబడి తెగలేదు. చివరికి 1954లో జంతునామకరణ అంతర్జాతీయ కమిషన్ కలగజేసుకుని అది మోనార్క్‌దే అని తీర్పు ఇచ్చింది. ఆసియాదానికి 1779లో క్రామర్ పెట్టిన జెనూషియా మిగిలింది.

నీలిరెక్క:
మట్టితేమ గారూ, ఈ మాట నన్ను కాస్త కదిలించింది. సైన్స్ పరంగా రెండూ చెల్లేటప్పుడు, ఉన్న పేరు మార్చమనడానికి బలమైన కారణం చూపాల్సింది నేనే. చుట్టరికం కనబడాలన్న నా కోరిక మాత్రం పోలేదు. తిరుమలను డానాస్‌లో ఉపప్రజాతిగా పెట్టినా బాగుండేదనే ఇంకా అనుకుంటున్నా.

పాతపుస్తకం:
జాతి మొదట పెట్టిన ప్రజాతిలోనే ఉందా, మారిందా అన్నది శాస్త్రీయ నామం చివర, ఆ పేరు పెట్టినవారి పేరు రాసే తీరులో తెలుస్తుందండీ. 1775లో క్రామర్ బ్లూ టైగర్‌ను పాపిలియో లిమ్నియేస్ అన్నాడు. తర్వాత ప్రజాతి మారింది కాబట్టి ఇప్పుడు అతని పేరును బ్రాకెట్లలో రాస్తాం. ఇంకొకటి, పాత పెట్టెల్లో నమూనాలు చూసేవాళ్ల కోసం: 1954కు ముందు రాసిన ఆసియా లేబుల్ మీద ప్లెక్సిప్పస్ అని ఉంటే వెంటనే మోనార్క్ అని ఎక్కించకండి. నమూనాను ఒకసారి సరిచూడండి, అది జెనూషియా అయ్యుండొచ్చు.