ముత్యాలశాలా, ముత్యాలసాలా?

తుంగభద్ర: హంపి నుంచి వచ్చినప్పటినుంచీ, తనకు జరిగిన కనకాభిషేకం గురించి శ్రీనాథుడు చెప్పుకున్న పాదం ఒకటి నన్ను వదలడం లేదు. "దీనారటంకాల తీర్థమాడించితి దక్షిణాధీశు ముత్యాల..." దీని తర్వాత అచ్చులో 'శాల' అని ఉంటుంది. మా తాతగారు మాత్రం 'సాల' అనే చదివేవారు. రాజప్రాసాదాల ఆవరణలో నూరు స్తంభాల సభామంటపం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. కొయ్య స్తంభాలు ఎప్పుడో పోయాయి. రాతి పీఠాలే మిగిలాయి, వరుసకు పది చొప్పున పది వరుసలు. ఒక పీఠం మీద గుంటలో రాత్రి కురిసిన వాననీళ్లు నిలిచి ఉన్నాయి. అందులో వేళ్లు ముంచితే ఆ పాదం దానంతటదే నోటికొచ్చింది. ఇంతకీ శాలా, సాలా?

పద్యప్రియ: శాలే. ఇక్కడ దక్షిణాధీశుడంటే విజయనగర రాజు ప్రౌఢదేవరాయలు, 1424 నుంచి 1446 దాకా ఏలినవాడు. కనకాభిషేకం నిండుకొలువులో చేస్తారు, కొలువుండేది శాలలో. ఇందులో సందేహం ఎందుకండీ?

గణయతి: అంత తేలిగ్గా తోసెయ్యకండి. "ప్రాకారో వరణః సాలః" అన్నాడు అమరకోశంలో అమరసింహుడు. సాలమంటే ప్రాకారం. హంపిలో రాజనగరు చుట్టూ ఎన్ని గోడలున్నాయో చూసినవాళ్లకు తెలుసు. ముత్యాలసాల అంటే అలాంటి ఒక ప్రాకారం, దాని లోపలి ముంగిలి అని నా అభిప్రాయం.

పద్యప్రియ: కవిసార్వభౌముణ్ణి గోడ దగ్గర నిలబెట్టి దీనారాలు పోస్తారా! యతి చూసుకోండి ఒకసారి.

గణయతి: చూసే చెబుతున్నానండీ. దక్షిణా, ధీశుము, త్యాల, శాల. యతి 'ద'కీ 'త్యా'కీ కుదిరింది. మన తగాదా అక్షరం నాలుగో గణంలో ఉంది. శాల అన్నా సాల అన్నా గురువూ లఘువే. ఛందస్సు మీకూ సాక్ష్యం చెప్పదు, నాకూ చెప్పదు.

నాగావళి: ఇద్దరూ సంస్కృతం దగ్గరే ఆగిపోయారు. సాల అంటే శాలకు వికృతి. మా వైపు ఇప్పటికీ పశువుల సాల అనే అంటాం. 'ముత్యాల' అన్న తెలుగుమాట పక్కన 'సాల' ఎంత చక్కగా కుదిరిందో పైకి చదివి చూడండి. తాతగారు తప్పు పలకలేదు.

పద్యప్రియ: పోనీ, ఆ ముత్యాల సంగతేమిటి? 1443లో తైమూరు వంశపు సుల్తాను షారుఖ్ పంపిన రాయబారి అబ్దుర్ రజాక్ ఈ దేవరాయల్నే కొలువులో చూశాడు. రాయలు స్తంభాల మంటపంలో కూర్చున్నాడనీ, మెడలో మేలైన ముత్యాల హారం ఉందనీ రాశాడు. రాజు మెడలోనే అన్ని ముత్యాలుంటే మంటపానికి సరాలు కట్టి ఉండరా? గోడకు ముత్యాలేమిటి?

తుంగభద్ర: తాతగారి నోటుపుస్తకం తీసి చూశాను. రాసింది 'శాల' అనే. నోట మాత్రం ఎప్పుడూ 'సాల'.

నాగావళి: నేను చెప్పింది అదే కదండీ!

గణయతి: నోటికి అలవాటైందని అది కవి పాఠం అయిపోదు. అయినా నా మనసు ఎప్పుడూ 'టంకాల' దగ్గరే ఆగిపోతుంది. ఆ టంకాలతో, అంటే నాణేలతో, స్నానం చేసినవాడే చివరికి బొడ్డుపల్లె గుత్త (కౌలు డబ్బు) కట్టలేక "ఎట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు" అన్నాడు. ఆ రెండు చాటువులూ వెంట వెంటనే చదవలేను, గొంతు పూడుకుపోతుంది.

పద్యప్రియ: నిజమండీ. "పురవీథి నెదురెండఁ బొగడదండ" అన్నచోట నాకూ అంతే. పొగడదండంటే బాకీ కట్టనివాళ్ల మెడలో వేసే శిక్ష కదా. అభిషేకం పొందిన తల అది.

నాగావళి: ఆ 'ఎదురెండ' అంటే ఏ ఎండంటారు? ముఖానికి సూటిగా కొట్టే ఎండే కదా? అలాగైతే అది పొద్దుటిదో సాయంత్రానిదో అయ్యుండాలి.

గణయతి: కాదండీ, మిట్టమధ్యాహ్నమే. రాత్రికి వివరంగా రాస్తాను.